చేప ఎవరిది?

రోమ్‌లో దిగిన మొదటి సాయంత్రమే మా బావకి ఒక ఫోటో పంపి చేతులు కాల్చుకున్నాను.

సెయింట్ పీటర్స్ స్క్వేర్‌లో తీసింది. నడిమధ్యన నిలువెత్తు ఏకశిలా స్తంభం, దాని పక్కన దీపాలు చుట్టిన తాటిచెట్టంత క్రిస్మస్ చెట్టు, వెనక పేతురు గుడి గుమ్మటం. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది: "ఆ చెట్టు అన్యులది. ఆ స్తంభం అన్యులది. ఇక అక్కడ మనదేం మిగిలిందిరా?"

పక్కనున్న మేనల్లుడు, అంటే ఆ బావ కొడుకే, ఫోన్‌లోకి తొంగిచూసి "మామయ్యా, అందులో నేను పడలేదు కదా?" అన్నాడు కంగారుగా. వాడు మిలాన్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. వాడి గది కిటికీకి కాగితం నక్షత్రం వేలాడుతోందన్న సంగతి వాళ్ల నాన్నకి ఇంకా చేరలేదు.

మాది గుంటూరు. 1842లో హయ్యర్ దొరగారు వచ్చి మొదలుపెట్టిన లూథరన్ మిషను నీడలో మూడు తరాలుగా ఉన్నాం. క్రిస్మస్‌కి నక్షత్రం, పెళ్లికి తాళి, తాళికి చిన్న బంగారు సిలువ... ఇవన్నీ మాకు గాలీ నీరూ లాంటివి. పదిహేనేళ్ల కిందట బావ ఒక కొత్త సహవాసంలో చేరాడు. అప్పటినుంచి వాళ్లింట్లో నక్షత్రం లేదు, కేకు లేదు. ఆఖరికి వాళ్ల మందిరం బోర్డు మీది సిలువ కూడా చెరిపించారు. మా అమ్మాయి పెళ్లిలో తాళి కట్టే వేళకి లేచి షామియానా బయటికెళ్లి నిలబడ్డాడు. "అన్యాచారానికి సిలువ తగిలిస్తే అది మనదైపోతుందా?" అని ఆయన ప్రశ్న. మా అక్క ఆ రోజు ఏడ్చింది.

మరోపక్క మా కాలేజీలో ఒక మిత్రుడున్నాడు. గట్టి హేతువాది. నేను రోమ్ వెళ్తున్నానని తెలిసి, "సాన్ క్లెమెంతే గుడి కిందకి దిగి చూడండి. మిత్రా అనే రోమన్ దేవుడు కనిపిస్తాడు. మీ యేసు ఆ మిత్రాకి కార్బన్ కాపీ" అని సాగనంపాడు. వీళ్లిద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచెయ్యరు. కానీ ఇద్దరి నమ్మకమూ ఒకటే: వేరు ఎక్కడిదో చూపించేస్తే ఇక చెట్టు గురించి మాట్లాడాల్సింది లేదని.

నేను ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పి రిటైరయ్యాను. చూడకుండా మాట్లాడే అలవాటు నాకూ ఉంది, ఆ వృత్తిలో అది తప్పదు. ఈసారి చూసి మాట్లాడదామనుకున్నాను.

ముందు ఆ ఫోటో సంగతి. స్తంభం విషయంలో బావ మాట అక్షరాలా నిజం. ఈజిప్టులో చెక్కిన రాయి అది. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో కలిగులా చక్రవర్తి ఓడ మీద తెప్పించి తన రథాల పందెం మైదానంలో నిలబెట్టించాడు. 1586లో ఐదో సిక్స్‌తుస్ పోపు దాన్ని వందలమంది మనుషులతో, గుర్రాలతో, కప్పీలతో ఇప్పుడున్న చోటికి జరిపించాడు. నిలబెట్టాక ఆ రాయికి దయ్యం వదిలించే ప్రార్థన చేయించి మరీ కొసన సిలువ పెట్టించాడు. అది పరాయి సొత్తని వాళ్లకి బాగా తెలుసు. దాచుకోలేదు సరికదా, ఊరేగించారు.

చెట్టు కథ వేరు. ఆ స్క్వేర్‌లో చెట్టు పెట్టడం రెండో జాన్ పాల్ పోపు కాలంలో, 1982లో మొదలైంది. అలంకరించిన చెట్టు జర్మన్ పట్టణాల్లో క్రైస్తవుల ఇళ్లలోనూ చేతివృత్తుల సంఘాల్లోనూ ఉండేదని 16వ శతాబ్దం నాటి రికార్డులు చెబుతున్నాయి. అంతకు ముందున్న అన్యుల వనాలతో దానికి ముడి వేసే కథలు వినడానికి బాగుంటాయి గానీ, ఆధారం అడిగితే పల్చబడతాయి. బావ ఎత్తిచూపే యిర్మీయా పదో అధ్యాయం మాను నరికి, విగ్రహం చెక్కి, వెండి బంగారాలు తొడిగే పని గురించి. యిర్మీయాకీ ఫర్ చెట్టుకీ మధ్య రెండు వేల ఏళ్లు. ఇదంతా టైపు చేసి, పంపకుండా చెరిపేశాను. అక్క గుర్తొచ్చింది.

*

మర్నాడు వాన. కొలోసియం దాటి పది నిమిషాలు నడిస్తే సాన్ క్లెమెంతే. గుమ్మం దగ్గర గొడుగు పట్టుకుని సిస్టర్ గారు నిలబడి ఉన్నారు. ఆమెది ఫిరంగిపురం. తమ్ముడు నా దగ్గర చదువుకున్నవాడు. ఆ పరిచయంతోనే రెండు కిలోల ఎండుమిర్చి, ఒక చింతపండు ముద్ద నా పెట్టెలో పెట్టించాడు. "మాస్టారూ, ముందు ఇవి ఇచ్చి తర్వాత చరిత్ర చెప్పండి" అన్నారామె.

ఆమె ఆర్‌సీఎం, నేను లూథరన్. మా జిల్లాలో ఆ తేడా నోరు విప్పగానే బయటపడుతుంది. మేం ఆరాధన అంటే వాళ్లు పూజ అంటారు. మేం సంస్కారం అనేదాన్ని వాళ్లు దివ్యసత్ప్రసాదం అంటారు. మాకు బాప్తిస్మం, వాళ్లకి జ్ఞానస్నానం. గుణదలలో మరియ తల్లికి తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు. బావ చెవికి పూజ, ప్రసాదం అన్న మాటలే చాలు, తీర్పు అయిపోతుంది. మేం రాసుకునే "దేవుడు" అన్న మాట ఎక్కడిదని ఆయన్ని ఎప్పుడూ అడగలేదు.

సాన్ క్లెమెంతే మూడంతస్తుల గుడి. అంతస్తులు పైకి లేవవు, కిందికి దిగుతాయి. నేలమట్టాన ఉన్నది 12వ శతాబ్దపుది. గర్భగుడి గోడ పైవంపు అంతా బంగారు మొజాయిక్. నడిమిన సిలువ, దాని మీద పన్నెండు తెల్ల పావురాలు. సిలువ పాదం దగ్గర ఆకుల పొద, అందులోంచి లేచిన తీగలు చుట్టలు చుట్టలుగా గోడంతా అల్లుకున్నాయి. కింద జింకలు నీళ్లు తాగుతున్నాయి. ఆ చుట్టల్లో, దగ్గరికెళ్లి చూస్తే, కోళ్లకి గింజలు వేస్తున్న ఒక ఆడమనిషి కూడా ఉంది. చంపే కొయ్యకి చిగుళ్లు వేయించారు. ఈ తీగల నమూనా రోమ్‌లో అన్యదేవతల కట్టడాల మీద అంతకు వెయ్యేళ్ల ముందే ఉంది. శిల్పులకి చేతికి వచ్చిన తీగ అది.

మెట్లు దిగితే 4వ శతాబ్దపు గుడి. ఈ గుడిని 1857లో మలూలీ అనే ఐరిష్ పాదిరీ తవ్వి బయటపెట్టేదాకా ఇది భూమిలోనే ఉంది. దీని గోడ మీద ఒక విచిత్రముంది. గుడికి పేరిచ్చిన పునీతుడు క్లెమెంతును పట్టుకోవడానికి వచ్చిన బంటులు, ఆయనే అనుకుని రాతి స్తంభాన్ని ఈడుస్తుంటారు. యజమాని వాళ్లని తిట్టే తిట్టు అక్కడ బొమ్మ పక్కనే రాసి ఉంది, లాటిన్లో కాదు, జనం మాట్లాడే భాషలో. ఇటాలియన్ వాడుక భాష రాతలో దొరికే తొలి ఆనవాళ్లలో అదొకటి. తెలుగులో చెబితే పత్రికవాళ్లు చుక్కలు పెట్టాల్సిన తిట్టు. సిస్టర్ గారు అనువాదం చెయ్యనన్నారు.

ఇంకా కిందికి. ఇక్కడ గాలి మారిపోతుంది. తడి ఇటుక, సన్నటి సందు, ఎక్కడో దగ్గరలోనే నీళ్లు పారుతున్న చప్పుడు. నీటి ఊటకి ఈ అంతస్తు మునిగిపోతుంటే 1912, 1914 మధ్య ఇక్కడినుంచి ప్రాచీన రోమ్ మురుగు కాలవ దాకా సొరంగం తొలిచి ఆ నీటిని మళ్లించారు. ఆ చప్పుడు వింటూ ఇనప కటకటాల్లోంచి చూస్తే గుహలాంటి గది. రెండు పక్కలా రాతి అరుగులు, నడుమ ఒక బలిపీఠం. దాని మీద టోపీ పెట్టుకున్న యువకుడు ఎద్దు వీపు మీద మోకాలు ఆన్చి, పీకలో కత్తి దింపుతున్నాడు. మిత్రా.

"ఇందులోకి ఆడవాళ్లని రానిచ్చేవాళ్లు కాదట కదండీ?" అన్నారు సిస్టర్ గారు. అవునన్నాను. ఆమె కటకటాలకి ఇంకొంచెం దగ్గరగా జరిగి చూశారు.

పేరు వినగానే సూర్యనమస్కారాల్లో మొదటిదైన "మిత్రాయ నమః" గుర్తుకు రాక మానదు. పేరు మూలం ఒకటే. 19వ శతాబ్దం చివర బెల్జియం పండితుడు ఫ్రాంజ్ క్యుమాన్ పర్షియా నుంచి రోమ్ దాకా ఒకే దారి గీశాడు. 1970ల నుంచి పండితులు ఆ గీతను చెరుపుతూ వచ్చారు. పేరు పాతదే అయినా ఈ గుహలు, ఈ విందులు, ఈ ఎద్దు బలి రోమన్ల కాలంలో కొత్తగా అల్లుకున్నవని ఇప్పుడు ఎక్కువమంది మాట. దొరికిన ఆధారాలు మొదటి శతాబ్దం చివరినుంచే మొదలవుతాయి. సువార్తలు రాస్తున్న కాలమూ అదే.

హేతువాది మిత్రుడి చిట్టా నా జేబులోనే ఉంది: కన్యకి పుట్టాడు, డిసెంబరు 25న పుట్టాడు, పన్నెండు మంది శిష్యులు, చనిపోయి లేచాడు. ఆ రాతి ముందు నిలబడి ఒక్కొక్కటే సరిచూశాను. రోమన్ శిల్పాల్లో మిత్రా బండరాయిలోంచి పుడతాడు, పుట్టడమే యువకుడిగా. చావనే చావడు, ఇక లేచేదేముంది? డిసెంబరు 25 మిత్రాదని చెప్పే ప్రాచీన రాత లేదు. 354 నాటి ఒక రోమన్ పంచాంగంలో ఆ తేదీ "అజేయుడి" పుట్టినరోజు, అంటే సూర్యుడిదనుకోవాలి. ఆ సూర్యుడికి 274లో ఆరేలియన్ చక్రవర్తి రోమ్‌లో గుడి కట్టించాడు. అదే సంకలనంలో ఇంకోచోట క్రీస్తు పుట్టుక కూడా ఆ తేదీకే ఉంది. సూర్యుడి పండగ మీదే క్రిస్మస్‌ని కూర్చోబెట్టారని కొందరంటారు. కాదు, క్రీస్తు మరణం మార్చి 25న జరిగిందన్న లెక్క అంతకు ముందే ఉంది, గర్భధారణా అదే రోజని నమ్మి తొమ్మిది నెలలు కలిపారని ఇంకొందరంటారు. తగువు తేలలేదు.

చిట్టాలో నిలిచేది ఒక్కటి, ఆ అరుగులు. వాటి మీద కూర్చుని రొట్టె తినేవాళ్లు. 2వ శతాబ్దం మధ్యలో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత ఈ పోలికని తనంతట తానే ప్రస్తావించాడు. అయితే దయ్యాలు మన సంస్కారాన్ని చూసి వాళ్లకి నేర్పాయన్నాడు. దొంగతనం ఫిర్యాదు మొదట ఇచ్చింది మనవాళ్లేనన్నమాట, అదీ ఎదుటివాడి మీద.

నా తీర్పు అడిగితే, ఇద్దరూ ఒకే బజారు నుంచి రొట్టె కొన్నారు. అంతకు మించి ఆ గది చెప్పడం లేదు.

*

పై వారం ఒక పూట సలారియా దారిలో ప్రిసిల్లా సమాధుల సొరంగాలకి వెళ్లాం. బెనెడిక్టైన్ కన్యస్త్రీలు చూసుకుంటారు. మెత్తటి అగ్నిపర్వత రాయిని తొలిచిన వసారాలు, గోడల్లో అరల మీద అరలు. మనుషుల్ని పెట్టిన అరలు. నూనె దీపాల వెలుగులో 3వ శతాబ్దంలో ఎవరో వేసిన బొమ్మలు. సిలువలు వెతికితే దాదాపు దొరకవు. చేపలు, లంగర్లు, పావురాలు, చేతులు చాచి ప్రార్థించే మనుషులు ఉన్నారు.

ఒక గది కప్పు మీద మంచి కాపరి. పొట్టి అంగీ వేసుకున్న కుర్రాడు, భుజాల మీద జీవాన్ని మోస్తున్నాడు. తేరిపార చూస్తే అది గొర్రెపిల్ల కాదు, మేక. మత్తయి సువార్తలో మేకల గతి ఏమిటో తెలిసిన వాళ్లకి ఇదొక ఊరట.

పుస్తకాలు చదివిన తెలివితో సిస్టర్ గారికి చెప్పాను: పొట్టేలుని భుజాన మోసే హెర్మీస్ అనే దేవుడి బొమ్మ గ్రీకుల్లో క్రీస్తుకు అయిదారు వందల ఏళ్ల ముందే ఉందనీ, రోమన్ సంపన్నులు తమ రాతి శవపేటికల మీద ఇలాంటి కాపరుల్నే చెక్కించుకునేవాళ్లనీ, అదే బొమ్మ ఇక్కడ యేసయిందనీ.

ఆమె ఒక్క క్షణం ఆలోచించారు. "గొర్రెల కాపరిని ఎవరి దగ్గరో ఎందుకు అరువు తెచ్చుకుంటాం మాస్టారూ? మా తాత కాపరే. ఈనిన గొర్రె నడవలేకపోతే పిల్లని మెడ మీద వేసుకుని ఇలాగే రెండు కాళ్లూ పట్టుకుని వచ్చేవాడు."

నాకు జవాబు దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు. చేతి గీత గ్రీకుదే, బొమ్మ కొలతలు గ్రీకువే. కానీ ఆ బొమ్మ చూసిన మనిషికి మొదట తట్టేది హెర్మీసా, దావీదు కీర్తనా, ఇంట్లో ఉన్న తాతా?

కాపరి చుట్టూ నెమళ్లు. ఇక్కడ మాత్రం నాకు కొంచెం సొంతదారు గర్వం వచ్చింది. నెమలి మన నేల పక్షి, ఇక్కడినుంచే పడమటికి పోయింది. గ్రీకులు హేరా దేవికిచ్చారు, రోమన్లు జూనోకిచ్చారు, మనం కుమారస్వామికిచ్చాం. క్రైస్తవులు దాన్ని పునరుత్థానానికి గుర్తు చేసుకున్నారు, దాని మాంసం కుళ్లదన్న నమ్మకంతో. అగస్టీన్ అంతటి పండితుడు కార్తేజ్‌లో విందులో వడ్డించిన నెమలి మాంసం ముక్క ఒకటి దాచిపెట్టించి, నెల తర్వాత చూశాడు, ఏడాది తర్వాత చూశాడు. కాస్త ఎండి ముడుచుకుందంతే, వాసన రాలేదని తన పెద్ద గ్రంథంలో రాసుకున్నాడు. ఉప్పుచేప ఎరిగిన బాపట్ల తీరం వాళ్లు నవ్వుకుంటారు. నాకు మాత్రం ఆయన ముక్క దాచి చూడటం నచ్చింది. బావ గానీ హేతువాది గానీ ఆ పని చెయ్యరు.

*

పేతురు గుడి కిందకి వెళ్లాలంటే ముందుగా రాసి అనుమతి తెచ్చుకోవాలి. మాకు ఆరు వారాలు పట్టింది. చిన్నపిల్లల్ని రానివ్వరు, కెమెరా తియ్యనివ్వరు, పన్నెండుమందిని ఒక జట్టుగా తీసుకెళ్తారు. తలుపులు వాటంతటవే మూసుకుంటూ ఒక్కో మెట్టూ దిగుతుంటే చెమ్మ వేడి పెరుగుతుంది.

అది ఒక వీధి. రెండు వైపులా ఇళ్లలాంటి సమాధులు. గుమ్మాలు, పేర్లు, గోడల మీద రంగులు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి 4వ శతాబ్దంలో ఈ వీధిని మట్టితో పూడ్పించి దాని మీద గుడి లేపాడు. 1939లో ఒక పోపు సమాధి కోసం తవ్వుతుంటే మళ్లీ బయటపడింది. ఇక్కడ పడుకున్నవాళ్లలో ఎక్కువమంది బావ భాషలో అన్యులే.

జూలీ కుటుంబం గది చాలా చిన్నది, వరసగా నిలబడి ఒక్కొక్కరుగా తొంగిచూడాలి. ఒక గోడ మీద గాలం వేసిన జాలరి. ఒక గోడ మీద కాపరి. ఇంకో గోడ మీద పెద్దచేప నోట్లోకి జారుతున్న యోనా. పైకి చూస్తే పసుప్పచ్చ మొజాయిక్ ఆకాశం, ద్రాక్ష తీగలు, ఎగిరే తెల్ల గుర్రాల రథం మీద తల చుట్టూ కిరణాలున్న ఒకడు. చేతిలో గోళం. అరసవల్లి వెళ్లొచ్చినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు, ఆయన సూర్యుడు.

యోనా పక్కనుంటే మాత్రం ఆయన క్రీస్తు. పండితుల్లో ఎక్కువమంది అలాగే చదువుతారు, మూడో శతాబ్దపు సూర్యక్రీస్తు అని. ఉత్త సూర్యుడేనని వాదించేవాళ్లూ లేకపోలేదు. ఇక్కడ నాకు సందేహం కలగలేదు. ఇది అరువే, పట్టపగలు చేసిన అరువు. అన్యుల రథం, అన్యుల గుర్రాలు, అన్యుల కిరీటం. కానీ మన బైబిల్లోనే మలాకీ గ్రంథం చివర "నీతి సూర్యుడు" అన్న మాట ఉంది. ఆ మాటకి బొమ్మ వెయ్యమంటే రోమ్‌లో ఉన్న చిత్రకారుడికి వేరే ఏ సూర్యుడు తెలుసు?

నా ముందు నిలబడ్డ ఒక పెద్దాయన చాలాసేపు కదల్లేదు. గైడు మెల్లగా భుజం తట్టాల్సి వచ్చింది.

పైకి వచ్చి ఎండలో కూర్చున్నాక, బావ తరఫున ఒక సాక్షి గుర్తొచ్చాడు. 5వ శతాబ్దంలో మొదటి లియో పోపు ఒక క్రిస్మస్ ప్రసంగంలో విశ్వాసుల్ని మందలించాడు. పేతురు గుడి మెట్లెక్కి, లోపలికి వెళ్లేముందు వెనక్కి తిరిగి ఉదయించే సూర్యుడికి వంగి దణ్ణం పెడుతున్నారని. ఇవే మెట్లు కావు, పాత గుడివి, కానీ ఇదే చోటు. అంటే బావ భయం నిన్నమొన్నటిది కాదు, దానికీ పదిహేను వందల ఏళ్లు. అరువు తెచ్చిన వస్తువు వెంట పాత యజమాని కూడా ఒక్కోసారి ఇంట్లోకి వస్తాడు. అది నేను ఒప్పుకుని తీరాలి. తాళి దగ్గర బావ బయటికెళ్లినప్పుడు నాకు కోపమే వచ్చింది గానీ, ఆయన భయపడుతున్నాడని తట్టలేదు.

అయినా ఒక చిన్న సంగతి నవ్వు తెప్పించింది. సూర్యుడి దినాన్ని సెలవు చేస్తూ కాన్‌స్టంటైన్ 321లో ఆజ్ఞ ఇచ్చాడు. క్రైస్తవులు అంతకు ముందునుంచే ఆ రోజున కూడుకునేవాళ్లు. తెలుగులో మనం ఇంకా పచ్చిగా చెబుతాం, ఆదిత్యవారమని. బావ పదిహేనేళ్లుగా ఒక్క ఆదిత్యవారం కూడా మందిరం మానలేదు.

*

మిగతావి చకచకా. పాంథియాన్ అన్ని దేవతల గుడి, 609లో మరియమ్మకూ హతసాక్షులకూ అంకితమైంది. అందువల్లే కూలకుండా నిలిచింది. టికెట్టు క్యూ పొడుగు. పాలటైన్ మ్యూజియంలో మాత్రం ఒక చిన్న గచ్చు ముక్క దగ్గర ఆగిపోయాను. సుమారు 200 నాటిది, గోడ మీద గీకిన బొమ్మ. సిలువ మీద గాడిద తల ఉన్న మనిషి, కింద చెయ్యెత్తి నమస్కరిస్తున్న కుర్రాడు. గ్రీకులో రాత: అలెక్సమెనోస్ తన దేవుణ్ణి పూజిస్తున్నాడు. మనకి దొరికిన అతి పాత సిలువ బొమ్మల్లో ఇదొకటి, తోటివాడు చేసిన ఎగతాళి.

బావ దగ్గరున్న పుస్తకంలో సిలువ బబులోను దేవుడు తమ్మూజు పేరులోని మొదటి అక్షరం అని ఉంటుంది. ఆ మాట ఎక్కడిదో నాకు తెలుసు. స్కాట్లండ్ పాదిరీ అలెగ్జాండర్ హిస్లాప్ 1850లలో "టూ బాబిలోన్స్" అని రాసి, కేథలిక్కుల ప్రతి ఆచారాన్నీ బబులోనుకి కట్టేశాడు. తర్వాతి పండితులు ఆ ముడులన్నీ విప్పేసినా, పుస్తకం చేతులు మారుతూ గుంటూరు దాకా వచ్చింది. బావ వాదానికీ ఒక పుట్టుక ఉంది మరి. తమ్మూజు చిహ్నమే అయితే అలెక్సమెనోస్‌ని గేలి చేసినవాడు దాన్ని గొప్పగా చూడాలి కదా. వాడికి అందులో కనిపించింది బానిసల్ని చంపే కొయ్యే.

చివరిది సాంతా మరియా మాజ్జోరే. ఫ్రాన్సిస్ పోపు సమాధి చూడటానికి జనం బారులు తీరి ఉన్నారు. నేను మెడ వెనక్కి వంచి 430ల నాటి తోరణపు మొజాయిక్ వైపు చూస్తున్నాను. నడినెత్తిన, గుండ్రటి చట్రంలో, ఖాళీ సింహాసనం. దాని మీద మనిషి లేడు, సిలువ, కిరీటం ఉన్నాయి. చెరో పక్కా పేతురు, పౌలు.

ఒళ్లు జలదరించింది. ఈ ఖాళీ కుర్చీ నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. గుంటూరు నుంచి గంట దూరంలో అమరావతి. అక్కడి సున్నపురాతి పలకలు చాలావాటి మీద మనిషి రూపంలో బుద్ధుడు ఉండడు. ఖాళీ ఆసనం, కింద పాదముద్రలు, రెండు పక్కలా చేతులు జోడించిన జనం. ఈ మొజాయిక్ కంటే రెండు మూడు వందల ఏళ్లు పాతవి. అదీగాక మన కృష్ణా లోయలో రోమన్ బంగారు నాణాలు దొరికాయి, ఓడలు తిరిగాయి. హేతువాది మిత్రుడు ఇక్కడ నా పక్కనుంటే సాయంత్రానికి వ్యాసం సిద్ధం.

నేనూ ఒక పది నిమిషాలు ఆ వ్యాసం మనసులో రాసుకున్నాను, అబద్ధమెందుకు. తర్వాత భరతుడు గుర్తొచ్చాడు, సింహాసనం మీద అన్న పాదుకలు పెట్టి నేల మీద కూర్చున్నవాడు. రోమన్లు తమ చక్రవర్తుల ఖాళీ కుర్చీలకి మొక్కేవాళ్లన్నది గుర్తొచ్చింది. లేని దొరకి పెట్టే దణ్ణం ఎవరికి ఎవరు నేర్పాలి? సిస్టర్ గారి తాత మెడ మీది గొర్రెపిల్లే మళ్లీ.

*

ప్రయాణం రేపనగా, పేతురు గుడి దారిలో రోడ్డు పక్క బల్లల మీద జపమాలలు, తాళపు చెవుల గొలుసులు అమ్మే చోట ఆగాను. బావకి ఏదైనా తీసుకెళ్లాలి, ఆయన పుచ్చుకునేదై ఉండాలి. సిలువ వద్దు, నక్షత్రం వద్దు, పునీతులు అసలే వద్దు.

2వ శతాబ్దం చివర అలెగ్జాండ్రియాలో ఇంకో క్లెమెంత్ అనే గురువుకి ఇదే చిక్కు వచ్చింది. ముద్ర ఉంగరం లేకుండా బతుకు నడవదు, బజారులో దొరికేవన్నీ అన్యుల చెక్కుళ్లు. ఆయన శిష్యులకి చెప్పింది: పావురం ఉన్నది తీసుకోండి, చేప, ఓడ, వీణలాంటి లైర్, లంగరు పరవాలేదు. విగ్రహాల మొహాలు, కత్తి, విల్లు, మద్యపు గిన్నెలు వద్దు. కొత్తవి చేయించమనలేదు. ఉన్న దుకాణంలోకే పంపాడు, ఏరుకోవడం నేర్పి.

బల్ల వెనకున్నది బంగ్లాదేశ్ కుర్రాడు. నా మొహం చూసి హిందీలోకి దిగాడు. పళ్లెంలో మేషం, వృషభం, గ్లాడియేటర్, దిష్టి కన్ను, లంగరు, చేప అన్నీ ఒకేచోట కలిపేసి ఉన్నాయి. రెండు చేపలున్న బిళ్ల చేతిలోకి తీసుకుని ఇది ఈసామసీదేనా అని అడిగాను.

"కాదు అంకుల్. రెండు చేపలుంటే రాశి. ఒకటే ఉంటే ఈసా."

ఐదు రొట్టెలు, రెండు చేపల కథ నాకొచ్చిన గుంటూరు హిందీలో చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "ఐదువేల మందికి సరిపోయాయా?" అన్నాడు. సరిపోయి మిగిలాయన్నాను.

"ఎవరికిస్తున్నారు?"

"బావకి."

"ఏ నెలలో పుట్టాడు?"

మార్చి 4. నేను తటపటాయిస్తుంటే వాడు రెండు బిళ్లలూ ఒకే కాగితంలో చుట్టేసి, "ఒకటి ఐదు యూరోలు. రెండూ అయితే ఎనిమిది" అన్నాడు.